బ్రూసెల్లోసిస్‌లో ప్లేట్‌లెట్ల మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

జ్వరం వస్తే హైదరాబాద్‌లో ముందుగా వినిపించే మాట "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" డెంగీ నేర్పిన అలవాటు ఇది. అదే సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో, పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ జాడ కూడా ఉండొచ్చు, కాకపోతే దాన్ని చదివే పద్ధతి వేరు. ల్యాబ్ కౌంటర్ దగ్గర, ఓపీ గదిలో, పాడి రైతుల ఇళ్ళలో పదే పదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం.

ప్లేట్‌లెట్లు తగ్గితే బ్రూసెల్లోసిస్ అని చెప్పేయొచ్చా?

చెప్పకూడదు. ప్లేట్‌లెట్లు డెంగీలోనూ తగ్గుతాయి, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్‌లోనూ తగ్గుతాయి. ఎక్కువమంది బ్రూసెల్లోసిస్ రోగుల్లో అసలు తగ్గవు, 1.5 నుంచి 4.5 లక్షల మధ్యే ఉంటాయి. కాబట్టి ప్లేట్‌లెట్లు బాగున్నాయని ఈ జబ్బును కొట్టిపారేయలేం, తగ్గాయని ఖాయం చేయనూలేం.

మరి వాటిని చూడటం ఎందుకు? రెండు వారాలు దాటిన జ్వరం, రాత్రిళ్ళు దుప్పటి తడిసేంత చెమట, నడుము నొప్పి, ఇంట్లో మేకలో బర్రెలో ఉండటం, వీటికి తోడు కొద్దిగా తగ్గిన ప్లేట్‌లెట్లు, తగ్గిన తెల్లకణాలు, పెరిగిన లింఫోసైట్ల (తెల్లకణాల్లో ఒక రకం) శాతం కనిపిస్తే బ్రూసెల్లా పరీక్ష రాయడానికి ఆ చిత్రం చాలు. ప్లేట్‌లెట్ సంఖ్య విలువ అక్కడి వరకే.

ఇంతకీ ఏమిటీ జబ్బు?

బ్రూసెల్లా అనే బాక్టీరియా పశువుల నుంచి మనిషికి తెచ్చే జ్వరం. మేకలు, గొర్రెల నుంచి వచ్చేది మెలిటెన్సిస్ రకం, ఆవులు, బర్రెల నుంచి వచ్చేది అబార్టస్ రకం. మెలిటెన్సిస్ మనిషిని ఎక్కువగా బాధిస్తుంది. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టాలో చనిపోయిన సైనికుల ప్లీహంలో ఈ క్రిమిని కనుక్కున్నాడు. అది మేక పాల ద్వారా వస్తోందని 1905లో తెమిస్టోక్లిస్ జామిట్ తేల్చాడు. పశువుల్లో చూడి నిలవకుండా చేసే ఈ జబ్బును మన రైతులు ఈసుడు రోగం అంటారు. క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

డెంగీలో పడిపోయే ప్లేట్‌లెట్లకూ వీటికీ తేడా ఎలా పట్టుకోవాలి?

ఒక్క రోజు రిపోర్టుతో పట్టుకోలేం. నాలుగైదు రిపోర్టులను తేదీల వారీగా పక్కపక్కన పెడితే తేడా కనబడుతుంది.

డెంగీలో ప్లేట్‌లెట్లు జ్వరం వచ్చిన మూడో రోజు నుంచి వేగంగా జారతాయి. లక్షన్నర ఉన్నవి రెండు రోజుల్లో నలభై వేలకు దిగడం మామూలే. ఏడెనిమిది రోజులకల్లా మళ్ళీ ఎక్కడం మొదలవుతుంది. ప్లాస్మా రక్తనాళాల్లోంచి బయటికి కారితే రక్తం చిక్కబడి హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, పెరుగుతుంది. పదో రోజుకు కథ దాదాపు ముగుస్తుంది.

బ్రూసెల్లోసిస్‌లో ఈ దూకుడు అరుదు. మొదటి వారం 1,40,000, రెండో వారం 1,25,000, మూడో వారం 1,30,000, ఇలా గీత నేల మీద పాకుతున్నట్టు ఉంటుంది. హెమటోక్రిట్ పెరగదు. పైగా హిమోగ్లోబిన్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. తెల్లకణాలు నాలుగు వేల దగ్గర ఊగుతుంటాయి, వాటిలో లింఫోసైట్ల వాటా ఎక్కువ. కాలేయ పరీక్షలైన ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ మోస్తరుగా పెరిగి ఉండొచ్చు. కడుపు తడిమితే ఎడమ పక్కటెముకల కింద ప్లీహం చేతికి తగలొచ్చు.

అందుకే మా సలహా ఒకటే: జ్వరం పది రోజులు దాటి, ప్లేట్‌లెట్లు ఇంకా లక్షన్నర లోపే ఉండి, ఎన్‌ఎస్1, డెంగీ ఐజీఎం రెండూ నెగెటివ్ అయితే "ఏదో వైరల్" అని సరిపెట్టుకోవద్దు. పాత రిపోర్టులు పారేయకండి. వాటిలోని తేదీలే సగం ఆధారం.

ప్లేట్‌లెట్లు ఎందుకు తగ్గుతాయి?

ఒక్క కారణం కాదు. బ్రూసెల్లా మన కణాల్లోపల, ముఖ్యంగా క్రిములను మింగే రక్షణ కణాలైన మాక్రోఫేజుల్లో దాక్కుని బతుకుతుంది. ఆ కణాలు ఎక్కువగా ఉండే చోట్లు ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ. క్రిమి చేరేదీ అక్కడికే.

ప్లీహం ఉబ్బితే మామూలుగా రక్తంలో తిరగాల్సిన ప్లేట్‌లెట్లు అందులోనే నిలిచిపోతాయి. మజ్జలో గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాల గుంపులు ఏర్పడి ఉత్పత్తిని అడ్డుకోవచ్చు. మజ్జలోని మాక్రోఫేజులు అదుపు తప్పి తయారైన రక్తకణాలనే మింగడం మొదలుపెడితే దాన్ని హీమోఫాగోసైటోసిస్ అంటారు. అప్పుడు మూడు రకాల కణాలూ తగ్గుతాయి. మరికొందరిలో ప్లేట్‌లెట్ల మీద యాంటీబాడీలు పుట్టి వాటిని నాశనం చేస్తాయి. ఇది ఐటీపీలా (ఒంట్లోని రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) కనిపించి దారి తప్పిస్తుంది.

ఇంకో సంగతి: ప్లేట్‌లెట్లు ఈ ఇన్ఫెక్షన్‌లో కేవలం బలయ్యేవి కావు. బ్రూసెల్లా అబార్టస్ ప్లేట్‌లెట్లకు నేరుగా అంటుకుంటుందనీ, మోనోసైట్లకు (తెల్లకణాల్లో మరో రకం) అతుక్కున్న ప్లేట్‌లెట్లు ఆ కణాల్లోకి క్రిమి చొరబడటాన్ని సులువు చేస్తాయనీ ప్రయోగశాల పరిశోధనల్లో తేలింది.

ఎంతవరకు తగ్గితే ప్రమాదం?

తగ్గినవాళ్ళలో ఎక్కువమందికి లక్ష నుంచి లక్షన్నర మధ్య ఆగుతాయి. రక్తస్రావం ఉండదు. యాభై వేల లోపుకు రావడం తక్కువ, ఇరవై వేల లోపు అరుదు. కానీ అరుదు అంటే రాదని కాదు. కాళ్ళ మీద సూదిమొన అంత ఎర్ర చుక్కలు, పళ్ళు తోముకుంటే ఆగకుండా రక్తం, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంకె ఎంతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించేది సాధారణంగా పది వేల లోపుకు వచ్చినప్పుడే. ఒక ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు) ప్యాకెట్ ముప్పై నుంచి యాభై వేల వరకు పెంచుతుంది. అయితే ప్లీహం ఉబ్బి ఉన్నవాళ్ళలో ఎక్కించినవి కూడా అందులోకే పోతాయి కాబట్టి మరుసటి రోజు అంకె చూసి కుటుంబం నిరాశ పడుతుంది. పెరిగేది యాంటీబయాటిక్ పనిచేసినప్పుడే.

రిపోర్టులో ఎంపీవీ, పీడీడబ్ల్యూ అని ఉన్నాయి. వాటితో ఏమైనా తెలుస్తుందా?

ఎంపీవీ అంటే ప్లేట్‌లెట్ సగటు పరిమాణం. చాలా యంత్రాల్లో మామూలు విలువ సుమారు 7.5 నుంచి 11.5 ఫెమ్టోలీటర్లు. పీడీడబ్ల్యూ అంటే ఆ పరిమాణాల్లో ఉన్న హెచ్చుతగ్గులు. మజ్జ నుంచి కొత్తగా వచ్చిన ప్లేట్‌లెట్లు పెద్దవిగా ఉంటాయి. బయట నాశనం జరుగుతూ మజ్జ గట్టిగా పనిచేస్తుంటే ఎంపీవీ పెరుగుతుంది. మజ్జే నీరసిస్తే చిన్నవే మిగులుతాయి. వాపు తీవ్రంగా ఉన్నప్పుడు పెద్ద, చురుకైన ప్లేట్‌లెట్లు వాపు ఉన్న చోట ఖర్చయిపోయి రక్తంలో ఎంపీవీ తగ్గడమూ జరుగుతుంది.

బ్రూసెల్లోసిస్ మీద జరిగిన అధ్యయనాల్లోనూ ఈ రెండు పోకడలూ కనబడ్డాయి. కొన్నింటిలో ఎంపీవీ ఆరోగ్యవంతుల కంటే తక్కువగా ఉండి చికిత్స తర్వాత పెరిగింది, మరికొన్నింటిలో ఇందుకు విరుద్ధంగా వచ్చింది. అందుకే ఒక్క ఎంపీవీ అంకె చూసి ఎవరైనా "ఇది బ్రూసెల్లా" అంటే నమ్మకండి. అదే రోగికి, అదే ల్యాబులో, చికిత్స ముందూ తర్వాతా పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

అలా పోల్చుకోవాలన్నా ఒక షరతు ఉంది. సీబీసీకి వాడే ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉంటుంది. అందులో పడ్డ ప్లేట్‌లెట్లు గంటలు గడిచేకొద్దీ ఉబ్బుతాయి. ఉదయం ఏడింటికి కూకట్‌పల్లిలోని కలెక్షన్ సెంటర్‌లో తీసిన రక్తం, బ్యాగులో నగరమంతా తిరిగి, మధ్యాహ్నం ఒంటిగంటకు మెయిన్ ల్యాబులో యంత్రం ఎక్కితే ఎంపీవీ నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. ఒకటి రెండు గంటల లోపు పెడితేనే ఆ విలువకు అర్థం. ప్రతిసారీ అంతే వ్యవధిలో చేస్తే పోలిక నిలుస్తుంది.

పీఎల్ఆర్ అంటే ఏమిటి? ఎలా లెక్కిస్తారు?

ప్లేట్‌లెట్ల సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే పీఎల్ఆర్. శాతంతో కాదు, సంఖ్యతో భాగించాలి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఉదాహరణకు తెల్లకణాలు 4,800, లింఫోసైట్లు 45 శాతం అనుకుందాం. లింఫోసైట్ల సంఖ్య 2,160. ప్లేట్‌లెట్లు 1,60,000 ఉంటే పీఎల్ఆర్ సుమారు 74.

బ్రూసెల్లోసిస్‌లో లింఫోసైట్లు పెరిగి ప్లేట్‌లెట్లు తగ్గితే ఈ నిష్పత్తి పడిపోతుంది. వెన్నుపూసకో కీళ్ళకో పట్టి, వాపు బాగా ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు పెరిగి నిష్పత్తి కూడా పెరగొచ్చు. అందరూ ఒప్పుకున్న హద్దు అంకె ఏదీ లేదు. ఖర్చు లేకుండా పాత సీబీసీ నుంచే లెక్కించుకోగలగడం ఒక్కటే దీని బలం.

యంత్రం 60,000 అంది, మనిషి మాత్రం బాగానే ఉన్నాడు. అంకె తప్పా?

కావచ్చు. ముందు ఈ అనుమానం తీర్చుకున్నాకే మిగతావన్నీ.

కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు ఈడీటీఏ తగలగానే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. యంత్రం ఆ ముద్దను తెల్లకణంగానో చెత్తగానో లెక్కేసి ప్లేట్‌లెట్లు తక్కువని చెబుతుంది. రక్తం నెమ్మదిగా తీసినా, తీశాక ట్యూబును మెల్లగా ఎనిమిది నుంచి పది సార్లు తలకిందులు చేయకపోయినా సన్నటి గడ్డలు కట్టి ఇదే తప్పు వస్తుంది. ఈ రెండో కారణం చాలా మామూలు.

చేయాల్సింది ఇది. ముందు ట్యూబులో గడ్డ ఉందేమో పుల్లతో చూడాలి. తర్వాత స్లైడు మీద స్మియర్ (రక్తపు పలుచని పూత) తీసి, రంగు వేసి, మొదట తక్కువ పవర్‌లో స్మియర్ చివరి పలుచని అంచు చూడాలి. ముద్దలు చేరేది అక్కడే: ఊదారంగు నూకల కుప్పల్లా కనిపిస్తాయి. అవి ఉంటే యంత్రం అంకె చెల్లదు. లేత నీలం మూత సిట్రేట్ ట్యూబులో, గీత వరకు నింపి, మళ్ళీ రక్తం తీసి వెంటనే లెక్కించి, వచ్చిన సంఖ్యను 1.1తో గుణించాలి. సిట్రేట్ ద్రవం వల్ల రక్తం పలుచనయిన మేరకు ఆ సవరణ.

ముద్దలు లేకపోతే నూనె లెన్స్ కింద, ఎర్రకణాలు ఒకదాని పక్కన ఒకటి ఆనీ ఆనకుండా ఉన్న చోట పది ఫీల్డులు లెక్కపెట్టి సగటును 15,000తో గుణించండి. సగటు 9 వస్తే ప్లేట్‌లెట్లు సుమారు 1,35,000. యంత్రం 60,000 అని, కన్ను 1,35,000 అంటే కన్నునే నమ్మాలి.

మరి ఖాయం చేసే పరీక్షలు ఏవి?

రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే బ్లడ్ కల్చర్ అన్నిటికంటే గట్టి సాక్ష్యం. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే, పెద్దవాళ్ళకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు, కనీసం రెండు సీసాలు తీయాలి. ఆటోమేటెడ్ యంత్రాల్లో ఎక్కువగా వారం లోపే పెరుగుతుంది. పాత పద్ధతి సీసాలైతే మూడు, నాలుగు వారాలు ఉంచాలి. మజ్జ కల్చర్‌లో దొరికే అవకాశం ఇంకా ఎక్కువ. మూడు రకాల కణాలూ తగ్గినప్పుడు ఎలాగూ మజ్జ పరీక్ష చేస్తారు, ఆ సూదితోనే కల్చర్‌కూ పంపమని అడగండి. చాలాచోట్ల ఇది మరిచిపోతారు.

రిక్వెస్ట్ ఫారం మీద "బ్రూసెల్లా అనుమానం" అని తప్పకుండా రాయాలి. ఈ క్రిమి గాలిలో కలిసి ల్యాబు సిబ్బందికి అంటుకుంటుంది. క్రిములకు రంగు వేసి చూసే గ్రామ్ స్టెయిన్‌లో ఇసుక చల్లినట్టు సన్నగా, లేత గులాబీ రంగులో కనబడుతుంది. తెలియక బల్ల మీదే తెరిచి పనిచేస్తే ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ మూడు వారాలు మందులు మింగాల్సి రావచ్చు.

సీరం పరీక్షల్లో రోజ్ బెంగాల్ తేలికైనది. సీరం, యాంటిజెన్ చెరో 30 మైక్రోలీటర్లు, రెండూ గది వేడికి వచ్చాక తెల్లటి పలక మీద కలిపి నాలుగు నిమిషాలు ఊపుతూ గుచ్చం కడుతుందేమో చూడాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన యాంటిజెన్‌ను అలాగే వాడితే ఫలితం నమ్మదగింది కాదు. పాజిటివ్ వస్తే ట్యూబ్ అగ్లుటినేషన్, అంటే సీరాన్ని వరసగా పలుచన చేస్తూ ఎంతవరకు గుచ్చం కడుతుందో చూసే పరీక్ష. 1:160, ఆపైన ఉంటే, లక్షణాలు కూడా కలిస్తే బ్రూసెల్లోసిస్ అంటారు. జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 1:320 చూస్తారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉంటే మొదటి ట్యూబుల్లో గుచ్చం కట్టదు. 1:160 దగ్గర ఆపేసిన ల్యాబు నెగెటివ్ అని రాసేస్తుంది. 1:1280 దాకా పలుచన చేసి చూస్తే ఈ పొరపాటు జరగదు.

విడాల్ పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ మందులు అయిపోయాయి, జ్వరం మళ్ళీ వచ్చింది. ఏం చేయాలి?

మళ్ళీ విడాల్ చేయించకండి. ఒక్క విడాల్ పాజిటివ్ టైఫాయిడ్‌కు రుజువు కాదు. టైఫాయిడ్‌లో కూడా తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి సీబీసీ ఆ అపోహను ఇంకా బలపరుస్తుంది. టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్‌తో బ్రూసెల్లా నాలుగు రోజులు తల వంచి మళ్ళీ లేస్తుంది. కల్చర్, రోజ్ బెంగాల్ అడగండి. పశువులతో పని ఉంటే ఆ సంగతి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

డెంగీకి మేక పాలు తాగితే ప్లేట్‌లెట్లు పెరుగుతాయంటారు కదా?

వానాకాలం వచ్చిందంటే ఈ మాట వినిపిస్తుంది, మేక పాలకు గిరాకీ పెరుగుతుంది. మేక పాలు ప్లేట్‌లెట్లను పెంచుతాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. దయచేసి పచ్చివి మాత్రం తాగకండి, రోగికి తాగించకండి. బ్రూసెల్లా మెలిటెన్సిస్ మనిషికి చేరే దారుల్లో పచ్చి మేక పాలు ముఖ్యమైనవి. డెంగీ వారంలో తగ్గిపోతుంది, ప్లేట్‌లెట్లూ వాటంతటవే ఎక్కుతాయి, ఆ పేరు పాలకు వస్తుంది. నెల తర్వాత వచ్చే కొత్త జ్వరానికీ ఆ గ్లాసుకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

తాగాలనే ఉంటే పొంగు వచ్చేదాకా కాచి తాగండి. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే, అంటే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల దగ్గర అరగంట వేడి తగిలినవి. జున్ను కూడా ఆవిరి మీద బాగా ఉడికితే భయం లేదు. పచ్చి జున్నుపాలు రుచి చూడటం, పాలు పితుకుతూ నురగ తాగడం మానాలి. బొప్పాయి ఆకు రసం విషయానికొస్తే, అది బ్రూసెల్లాను ఏమీ చేయదు.

చికిత్స ఏమిటి? ప్లేట్‌లెట్లు తక్కువ ఉంటే మందులు మారతాయా?

పెద్దవాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఆరు వారాలు, దానితో పాటు స్ట్రెప్టోమైసిన్ రోజుకు 1 గ్రాము కండకు ఇంజెక్షన్ రెండు నుంచి మూడు వారాలు, లేదా జెంటామైసిన్ 7 నుంచి 10 రోజులు. ఇంజెక్షన్ వీలుకానప్పుడు రిఫాంపిసిన్ రోజుకు 600 నుంచి 900 మిల్లీగ్రాములు ఆరు వారాలు జత చేస్తారు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మందులు వేరు. వెన్నెముకకు, గుండె కవాటాలకు పట్టితే నెలల తరబడి సాగుతుంది. డోసు డాక్టర్ చూసి రాయాల్సిందే.

ప్లేట్‌లెట్లు ఇక్కడ మూడు చోట్ల అడ్డొస్తాయి. ఒకటి, యాభై వేల లోపు ఉంటే కండకు సూది వేస్తే లోపల రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది కాబట్టి నరానికి ఇచ్చే జెంటామైసిన్ మేలు. రెండు, నొప్పులకు డైక్లోఫినాక్, ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, పారాసిటమాల్ చాలు. మూడోది అందరూ మరిచేది: రిఫాంపిసిన్ తానే ప్లేట్‌లెట్లను హఠాత్తుగా పడగొట్టగలదు, ముఖ్యంగా మధ్యలో మానేసి మళ్ళీ మొదలుపెట్టినప్పుడు. జ్వరం తగ్గి, ఆకలి వేసి, అంతా బాగున్నాక ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా కూలితే అది జబ్బు కాదు, మందు అని అనుమానించాలి. వెంటనే డాక్టర్‌కు చెబితే ఆ మందు ఆపి వేరేది ఇస్తారు. మళ్ళీ ఎప్పుడూ అది వేసుకోకూడదు.

నడుము నొప్పితో వచ్చినవాళ్ళలో టీబీ కాదని తేల్చుకోకుండా రిఫాంపిసిన్, స్ట్రెప్టోమైసిన్ మొదలుపెట్టడం కూడా తప్పే. రెండూ టీబీ మందులే. అరకొరగా పడితే టీబీ మొండిదవుతుంది.

ప్లేట్‌లెట్లు ఎన్నాళ్ళకు మామూలుకు వస్తాయి? రోజూ పరీక్ష చేయించాలా?

మందులు పడ్డాక సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తాయి. లక్ష పైన ఉండి రక్తస్రావం లేనివాళ్ళకు వారానికి ఒక సీబీసీ చాలు. యాభై వేల లోపు ఉన్నవాళ్ళకు ఆసుపత్రిలో రోజూ చూస్తారు. నెల దాటినా ఎక్కకపోతే మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా, ఎక్కడైనా చీము గడ్డ ఉందా, మందు వల్ల తగ్గాయా, వేరే రక్త జబ్బు ఉందా అని వరసగా వెతకాలి. మూడు రకాల కణాలూ తగ్గుతూ జ్వరం దిగకపోతే ఫెరిటిన్, ట్రైగ్లిజరైడ్లు, ఫైబ్రినోజెన్ చూసి హీమోఫాగోసైటోసిస్ ఉందేమో తేల్చుకోవాలి.

ప్లేట్‌లెట్లు ఎక్కాయని ఆరు వారాల కోర్సును మూడో వారంలో ఆపేయకండి. జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అలాంటివాళ్ళలోనే, అదీ ఆరు నెలల లోపే. అందుకే కోర్సు అయ్యాక కూడా ఆరు నెలల దాకా జ్వరం మీద కన్నేసి ఉంచాలి.

జియాగూడ మండీలో, కబేళాలో పనిచేసేవాళ్ళు, శివార్లలో బర్రెలు పెట్టుకున్నవాళ్ళు ఏం చేయాలి?

ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టొద్దు. క్రిమి లెక్కకు మించి ఉండేది వాటిలోనే. మోచేతుల దాకా గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఉండాలి. కుక్కలకు వేయకుండా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. బోటి, కాలేయం, తిల్లి శుభ్రం చేసేటప్పుడు చేతికి తెగిన గాయం ఉంటే కప్పుకోవాలి. బాగా ఉడికిన మాంసంతో భయం లేదు.

పెయ్య దూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఎస్19 అనే బ్రూసెల్లా టీకా ఒక్కసారి వేయించాలి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఇది వేస్తారు. మగ దూడలకు, చూడి పశువులకు వేయకూడదు. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా కాబట్టి వేసేటప్పుడు సూది మనిషికి గుచ్చుకున్నా, మందు కంట్లో పడినా జబ్బు రావచ్చు. వెంటనే కడుక్కుని అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్ళాలి? ఏం పట్టుకెళ్ళాలి?

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి చోట్ల జనరల్ మెడిసిన్ విభాగంలో చూపించుకోవచ్చు. జ్వరం మొదలైన తేదీ, రోజుకు రెండుసార్లు చూసిన టెంపరేచర్, ఇప్పటిదాకా వేసుకున్న యాంటీబయాటిక్‌ల స్ట్రిప్పులు, సీబీసీలన్నీ తేదీల వరసలో పట్టుకెళ్ళండి. గత ఆరు నెలల్లో పచ్చి పాలు తాగారా, ఇంట్లో పశువు ఏదైనా ఈసుకుపోయిందా, ఊళ్ళో ఈతల సమయంలో చేయి వేశారా అన్నది ఒక చీటీ మీద రాసుకుని ముందే డాక్టర్ చేతికివ్వండి.